గోరీకి గార్డు సారు సూదులు

గోరీ ఆగిందంటే ఆగిందే. ముందు నుంచి లాగినా, వెనక నుంచి తోసినా, పెళ్లికొడుకు మేనమామ వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలినా కదలదు. అలాగని పొగరుబోతు గుర్రం కాదు. తెల్లటి ఒళ్లు, నెమ్మదైన స్వభావం. డోర్నకల్ చుట్టూ ఉన్న తండాల్లో, ఊళ్లలో, అటు గంగారం అడవి దాకా ఎంతమంది పెళ్లికొడుకులను మోసిందో లెక్కలేదు. బ్యాండు మోగితే చాలు, దెబ్బకు తగ్గట్టు తల పైకీ కిందికీ ఊపుతూ నడిచేది. అది చూడడానికే జనం మిద్దెలెక్కేవారు. పెళ్లికొడుకు ముఖం ఎవరికీ గుర్తుండేది కాదు, గోరీ తలే గుర్తుండేది.

ఈ చలికాలం నుంచి వెనక కుడికాలు ఈడ్వడం మొదలుపెట్టింది. బ్యాండు వాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఎక్కడ ఆగితే అక్కడే తనూ ఆగిపోయి, మళ్లీ కదలనని మొండికేసేది. కిందటి పెళ్లిలో సరిగ్గా కల్లు దుకాణం ఎదురుగా ఆగింది. మగపెళ్లివారి పెద్దమనుషులు దాన్ని గుర్రం ఇచ్చిన సలహాగా తీసుకుని ఒక్కొక్కరే లోపలికి నడిచారు. వాళ్లందరినీ ఏరి బయటికి తెచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది, పంతులుగారు బండెక్కి ఇంకో పెళ్లికి వెళ్లిపోయారు. ఆ రోజు తిట్లన్నీ గోరీ యజమాని మోతీలాల్ తిన్నాడు. గుర్రానికి జొన్నరొట్టె, అతనికి తిట్లు, ఇలా సాగుతోంది వాళ్ల వ్యాపారం.

రొట్టె మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మోతీలాల్ భార్య లచ్చి పొద్దున్నే పొయ్యి మీద వేసే మొదటి రొట్టె గోరీది. రెండోది మొగుడిది. ఈ వరస ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు, ఎవరూ తప్పుపట్టలేదు. మోతీలాల్ కూడా పైకి ఏమీ అనలేదు.

కల్లు దుకాణం పెళ్లి మర్నాడు లచ్చి రొట్టె తిప్పుతూ అడిగింది. తండాలో వాళ్లింట్లో నడిచేది లంబాడీ భాష. మనకు అర్థం కావాలి కాబట్టి ఇక్కడ తెలుగులోనే వినండి.

"నలుగురిల నువ్వు తల దించుకొని నిలబడుతుంటే నాతోని చూసుడైతలేదు. గోరీని అమ్మేద్దామా?"

వద్దు అన్న మాట మోతీలాల్ కడుపులోంచి బయలుదేరి గొంతు దాకా వచ్చింది. అక్కడ దానికి ఏమైందో తెలియదు, నోట్లోంచి వేరే మాట పడింది.

"నీ ఇష్టం."

అతను పుట్టిన దగ్గరనుంచి ఎక్కువసార్లు పలికిన మాట అదే. ఇంటికి ఏ రంగు వేద్దామంటే నీ ఇష్టం. ఎండుచేపల వాసన పడదు, అయినా అవి వండనా అని లచ్చి అడిగితే నీ ఇష్టం. వండితే ముక్కు మూసుకుని తినేవాడు. అంత మంచి మనిషితో కాపురం ఎంత కష్టమో లచ్చిని అడగాలి.

తరిగొప్పుల దగ్గర ఇటుక బట్టీ నడిపే శ్రీశైలం, గుర్రం అమ్ముతారన్న కబురు తెలిసి ట్రాలీ ఆటోలో వచ్చాడు. మోస్తే ఇటుకలు మోస్తుంది, ఇటుకలకు ముహూర్తం ఉండదు కదా అన్నాడు. పక్క ఊళ్లో వేణు అనే అబ్బాయి పెళ్లికి మాత్రం ఒప్పుకుని ఉన్నారు. మాట తప్పడం లచ్చికి ఇష్టం లేదు. ఆ పెళ్లిలో గోరీ ఆగకుండా నడిస్తే ఇంట్లోనే ఉంటుంది, ఆగితే శ్రీశైలం తీసుకుపోవచ్చు అని ఖాయం చేసింది.

"నేను ఎనకనే వస్త అక్కా," అన్నాడు శ్రీశైలం ఎంతో మర్యాదగా. "ఎక్కడ ఆగితే అక్కడ్నే ఎక్కిచ్చుకుంట. మళ్ల ఇంటి దాక తోలుకొచ్చే తిప్పలు మీకెందుకు."

మోతీలాల్ పశువుల డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన కాలు నొక్కి చూసి, మందు రాసి, బరువు మోయనీయకు అన్నాడు. పెళ్లికొడుకు కూడా బరువే కదా మరి. ఇక దిక్కు తోచక డోర్నకల్‌లో బిక్షపతి గడప తొక్కాడు.

బిక్షపతి రైల్వేలో గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఖాళీగా కూర్చోలేక ఎక్కడో శిబిరానికి పోయి ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చాడు. వరండాలో మనిషి బొమ్మ ఒకటి వేలాడదీసి, దాని మీద చుక్కలు చూసుకుంటూ నడుం నొప్పులకు సన్నటి సూదులు గుచ్చుతాడు. సూది ఒంట్లో మరచిపోతానేమోనని ప్రతి సూదికీ ఎర్ర దారం కడతాడు. సూదులున్నంతసేపు ఎర్రజెండా నిలబెట్టి ఉంటుంది, రోగి కదలకూడదు. పని అయ్యాక ఈల వేసి పచ్చజెండా ఊపుతాడు, అప్పుడు లేవాలి. జెండా పడకుండా లేచిన ఒకావిడను మళ్లీ పడుకోబెట్టి మొదటి నుంచీ గుచ్చాడు.

"గుర్రానికి గుచ్చుతరా సార్?" అని మోతీలాల్ అడిగితే బిక్షపతి బొమ్మ వంక చాలాసేపు చూశాడు.

"నా దగ్గర మనిషి బొమ్మనే ఉన్నది," అన్నాడు. "అయినా గుర్రమంటె ఏంది, మనిషి వంగితె గుర్రమే. మనిషిని వంచి చూస్కుంటె లెక్క దొరుకుతది."

వంగాల్సిన మనిషి ఎవరో మోతీలాల్‌కు పెళ్లి రోజు పొద్దున్న తెలిసింది. బిక్షపతి జెండాలు, ఈల, సూదుల డబ్బా పట్టుకుని తండాకు వచ్చి, గోరీ పక్కనే అతన్ని చొక్కా విప్పించి చేతులు, మోకాళ్ల మీద నిలబెట్టాడు. ముందు మోతీలాల్ ఒంటి మీద చుక్క వెతకడం, సూది గుచ్చి సరిచూసుకోవడం, తరవాత అదే చోటు గోరీ మీద చూసి గుచ్చడం. మెడకు మెడ, నడుముకు నడుము, తొడకు తొడ. గోరీ చెవి వెనక ఒకటి పడింది. ఆశ్చర్యం ఏమిటంటే గుర్రం కిక్కురుమనలేదు. మోతీలాలే రెండుసార్లు సకిలించినంత పని చేశాడు.

"తోక దగ్గర ఎట్ల సార్?" అని అడిగాడు కింద నుంచి.

"నీకు తోక లేదు. గా చోటు ఇడిచిపెడుతున్న," అన్నాడు బిక్షపతి నిజాయితీగా.

లచ్చి బిందెతో వచ్చి చూసింది. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా, రెండూ నాలుగు కాళ్ల మీద నిలబడి ఉన్నాయి, రెండింటికీ ఎర్ర దారాలు వేలాడుతున్నాయి, మధ్యలో గార్డు ఎర్రజెండా పట్టుకుని ఉన్నాడు. ఆమె బిందె దించి లోపలికి పోయింది. కాసేపటికి లోపల నుంచి నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది.

అంతలో బ్యాండు దిగింది. ఎదుర్కోళ్లకు వేళ దగ్గరపడిందని పంతులు తొందర పెడుతున్నాడట, పెళ్లికొడుకు వేణు, అతని నాయనమ్మ బుచ్చమ్మ, బంధువర్గం అంతా గుర్రం కోసం తండాకే వచ్చేశారు. ఊరి పొలిమేరలో ఆడపెళ్లివారు ఎదురుచూస్తున్నారు.

"సూదులున్నయ్, ఎర్రజెండా ఉన్నది, కదలొద్దు," అని బిక్షపతి అడ్డం నిలబడ్డాడు.

పెళ్లివారు జెండాలకు ఆగేవాళ్లా? వేణును ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టారు. మోతీలాల్ ఒంటి మీద సూదులను బిక్షపతి చకచకా లాగేశాడు, గోరీవి మాత్రం టైము కానిదే తీయనన్నాడు. మోతీలాల్ చొక్కా తొడుక్కుని కళ్లెం పట్టుకున్నాడు. మెడ వెనక, జుట్టు కింద ఒక సూది ఉండిపోయిన సంగతి ఇద్దరికీ తెలియలేదు. దారం కాలరు మీద వేలాడుతుంటే లచ్చి చూసి, గోరీ మీది దారమే ఒకటి ఊడి అంటుకుందనుకుంది.

గోరీ బయలుదేరింది. ఈ మధ్య కాలంలో ఎవరూ చూడని నడక అది. కాలు ఈడ్వలేదు. బ్యాండు దెబ్బకు తల పైకీ కిందికీ ఊపుతూ, ఒంటి మీద ఎర్ర దారాలు గాలికి ఎగురుతుంటే, కొత్త గుర్రంలా అడుగులు వేసింది. వెనక బిక్షపతి ఎర్రజెండా పట్టుకుని పరుగు. బిక్షపతి వెనక లచ్చి, కొంగులో సగం రొట్టె కట్టుకుని. అందరికన్నా వెనక శ్రీశైలం ట్రాలీ ఆటో, వెనక తలుపు తెరిచిపెట్టుకుని మెల్లగా వస్తోంది. మోతీలాల్ నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి ఆ తెరిచిన తలుపు చూస్తూ నడిచాడు. ఈ ఒక్క దారి దాటిస్తే గోరీ ఇంట్లో ఉంటుంది.

పొలిమేరలో పోచమ్మ గుడి ఉంది. గుడి ముందు బ్యాండు ఆపి కొబ్బరికాయ కొట్టడం ఆనవాయితీ. మోతీలాల్ దీన్ని మరచిపోయాడు. బ్యాండు ఆగింది. గోరీ ఆగింది.

కాయ కొట్టారు, హారతి ఇచ్చారు. గోరీ కదల్లేదు. వెనక శ్రీశైలం దిగి, గుర్రం బండిలోకి ఎక్కడానికి వీలుగా చెక్క కిందికి దించిన చప్పుడు వినపడింది.

ఆ చప్పుడుకు బుచ్చమ్మ తిరిగి చూసింది. బోనాల పండగ వస్తే ఆ ఊళ్లో మొదట పూనకం వచ్చేది ఆమెకే, మిగతావాళ్లకు ఆమె తరవాతే. పొద్దుటి నుంచి పెళ్లి హడావుడిలో గుర్రాన్ని సరిగ్గా చూడలేదు. ఇప్పుడు చూసింది. ఒంటి నిండా సూదులు, సూదికో ఎర్ర దారం. బ్యాండు లేదు కాబట్టి తల ఊపే పని లేదు, చెవి వెనక దారం గాలికి చెవిలో దూరి గిలిగింతలు పెడుతోంది. గోరీ తల అటూ ఇటూ విదిలిస్తోంది. నాలుకకు శూలం గుచ్చుకుని పూనకంతో తల విదిలించే శివసత్తులను చూసిన కళ్లకు అది ఇంకెలా కనపడుతుంది?

"అమ్మ వచ్చింది," అంది బుచ్చమ్మ. "పోచమ్మ వచ్చింది గుర్రం మీదికి. పసుపునీళ్లు తేండ్రి."

"అవ్వా, పైన నేనున్న," అన్నాడు వేణు.

"అమ్మ మీద కూసున్నవ్. చెప్పులిడువు ముందు."

వేణు పెళ్లికోసం కొన్న జరీ చెప్పులు కిందికి జారవిడిచాడు. వేపమండలు వచ్చాయి, పసుపునీళ్లు వచ్చాయి. సూదులున్నాయి ముట్టుకోవద్దని బిక్షపతి ఎర్రజెండా ఊపుతుంటే, జనం ఆ జెండాకూ దండం పెట్టారు. మోతీలాల్ ముందుకొచ్చి, ఇది కాలునొప్పికి చేసిన వైద్యమని చెప్పబోయాడు. గొంతులో మాట ఎప్పటిలాగే ఇరుక్కుంది. చెప్పినంత మేరకు కూడా ఎవరూ వినలేదు.

బుచ్చమ్మ గోరీ కాళ్ల మీద నీళ్లు పోసి అడిగింది. "తల్లీ, ఈ పెండ్లి నీకు ఇష్టమేనా?"

గోరీ తల అడ్డంగా విదిలించింది.

ఆడపెళ్లివారిలో ఒకాయన ముందుకొచ్చాడు. "మా పిల్లల ఏం తక్కువున్నదని వద్దంటున్నది?" అని గుర్రాన్నే నిలదీశాడు. గుర్రం మీద వేణు ముఖం మాడిపోయింది. అతనికి ఆ పిల్లంటే ఇష్టం.

మోతీలాల్‌కు అప్పుడు అసలు సంగతి తట్టింది. బ్యాండు మోగితే పైకీ కిందికీ. మోగకపోతే అడ్డంగా. బ్యాండు మాస్టరు పక్కకు చేరి, "జర వాయించన్నా, నీ కాల్మొక్త," అన్నాడు. మాస్టరు క్లారినెట్ అందుకున్నాడు, డ్రమ్ములు లేచాయి. బుచ్చమ్మ మళ్లీ అడిగింది. గోరీ తల నిండుగా, పైకీ కిందికీ ఊపింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. నిలదీసిన ఆయన గుర్రం గిట్టలకు మొక్కాడు.

అక్కడితో పోనిచ్చారా? అమ్మ దొరికినప్పుడే అడగాలి. వానలు పడతాయా అన్నారు, పడతాయంది. పత్తి చేతికొస్తుందా అన్నారు, వస్తుందంది. మా ఊరికి తారురోడ్డు పడుతుందా అని ఒకాయన అడిగేసరికి బ్యాండు మాస్టరు చెమట తుడుచుకోవడానికి ఆగాడు. గోరీ అడ్డంగా విదిలించింది.

"గది మాకు ముందే ఎరుక," అన్నారు జనం, ఏ బాధా లేకుండా. దాంతో గోరీ మీద నమ్మకం ఇంకా గట్టిపడింది. మాస్టరు మళ్లీ క్లారినెట్ అందుకున్నాడు.

అప్పుడు శ్రీశైలం ముందుకొచ్చాడు. పాపం, అతను వచ్చిన పని అది. "అవ్వా, పెండ్లిల ఆగితె నేను తీస్కపోవాలె అని మాట. ఆగింది గద. బండి తయారున్నది," అన్నాడు చేతులు నలుపుకుంటూ.

"అమ్మను తీస్కపోతవా?" అని బుచ్చమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తరవాత కాస్త ఆలోచించింది. "ఎటు పోవాల్నో అమ్మనే చెప్తది. తల్లీ, గీ బండెక్కి గీయన ఎంబడి పోతవా?"

మోతీలాల్ చటుక్కున బ్యాండు మాస్టరు వైపు తిరిగి, ఆపమని చెయ్యి ఊపాడు. మాస్టరు చూడలేదు. చూసే స్థితిలో లేడు. ఇంతకాలం ఏ పెళ్లిలోనూ తన పాట ఎవరూ నిలబడి వినలేదు. ఇవాళ ఊరు ఊరంతా చేతులు కట్టుకుని నిలబడింది. కళ్లు మూసుకుని, బుగ్గలు ఉబ్బించి, ప్రాణం పెట్టి వాయిస్తున్నాడు.

గోరీ తల పైకీ కిందికీ ఊపింది. ఇంకా ఇంకా ఊపింది.

"పోతనన్నది," అన్నాడొకడు. "పోతనన్నది తల్లి," అన్నారందరూ. ఎవరో పరుగున పోయి ట్రాలీ ఆటోకు పసుపు పూశారు. ఒకావిడ కొత్త చీర తెచ్చి చెక్క మీద పరిచింది. ఇటుక బట్టీకి పోయే గుర్రానికి అంత భక్తిగా దారి వేయడం ఈ జిల్లాలో అదే మొదటిసారి అయ్యుంటుంది. నన్ను దించండని వేణు మొత్తుకుంటుంటే, అమ్మ దిగమన్నప్పుడు దిగుదువులే అని నచ్చజెప్పారు.

కళ్లెం మోతీలాల్ చేతిలోనే ఉంది. గోరీని చెక్క వైపు తిప్పాల్సింది అతనే. అతను లచ్చి వైపు చూశాడు. లచ్చి కొంగులోని రొట్టె మూటను గట్టిగా పట్టుకుని అతన్నే చూస్తోంది. ఆ పొద్దున పొయ్యి దగ్గర అమ్మేద్దామా అని అడిగినప్పుడు చూసిన చూపే. నీ ఇష్టం అన్న మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. మోతీలాల్ దాన్ని మింగేశాడు.

"ఇయ్య," అన్నాడు.

బ్యాండు హోరులో ఎవరికీ వినపడలేదు.

"ఇయ్య అంటున్న గద," అని అరిచాడు. ఆ అరుపుకు క్లారినెట్ కీచుమని ఆగిపోయింది. "గోరీని నేను ఎవ్వలకు ఇయ్య. కాలు నడిచినా నా ఇంట్లనే, నడవకున్నా నా ఇంట్లనే. సచ్చేదాక నా ఇంట్లనే ఉంటది. నువ్వు బండి తీస్కొని పో."

అంత పొడుగు మాట అతను మాట్లాడగా తండాలో కూడా ఎవరూ వినలేదు. బుచ్చమ్మ అతని వెనక్కి నడిచి, మెడ వంచి చూసింది. జుట్టు కింద సూది. సూదికి ఎర్ర దారం.

"అమ్మ గీయన మీదికి మారింది," అంది, చెంబెడు పసుపునీళ్లు అతని నెత్తిన కుమ్మరిస్తూ. "గుర్రానికి నోరు లేదని మనిషి మీదికొచ్చి చెప్తున్నది."

"అవ్వా, నేను మోతీలాల్‌ను," అన్నాడతను ముఖం తుడుచుకుంటూ.

"అట్లనే తల్లీ, నువ్వు ఎవరంటె వాళ్లవే."

శ్రీశైలం వణికిపోయాడు. చెంపలు వాయించుకుని, కొబ్బరికాయ కొట్టి, అమ్మకు వీపు చూపించకూడదని ట్రాలీ ఆటోను మెయిన్ రోడ్డు దాకా వెనక్కే నడుపుకుంటూ పోయాడు. అప్పుడు బిక్షపతి వాచీ చూసుకుని, టైమైందని గోరీ ఒంట్లోంచి సూదులు లాగేసి, ఈల వేసి పచ్చజెండా ఊపాడు. ఆయన లెక్కలో జరగాల్సింది అంతా సక్రమంగానే జరిగింది. బ్యాండు లేచింది, గోరీ కదిలింది. సూదుల వల్లో, ఈల వల్లో, లచ్చి ముందు నడుస్తూ చూపించిన రొట్టె వల్లో నాకు తెలియదు. వేణు వట్టికాళ్లతోనే పెళ్లిపీటల మీద కూర్చున్నాడు. పెళ్లి బాగా జరిగింది.

ఇక మీద గోరీ మీద ఎవరూ ఎక్కకూడదని, ఎదుర్కోళ్లలో ముందు నడిస్తే చాలని, పెళ్లికొడుకు వెనక నడిచి రావాలని బుచ్చమ్మ తీర్పు చెప్పింది. డాక్టరు చెప్పిందీ దాదాపు అదే, కాకపోతే ఆయన మాట ఎవరూ వినలేదు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరారు. గోరీకి గడ్డి వేసి మోతీలాల్ గడపలో కూర్చున్నాడు, పసుపు ఇంకా చెవుల్లోంచి కారుతోంది. లచ్చి వెనక నిలబడి తల తుడుస్తూ ఆగిపోయింది. దారం పట్టుకుని చూస్తే దాని కింద సూది. అప్పటికిగానీ సంగతంతా ఆమెకు అర్థం కాలేదు.

"అక్కడ మాట్లాడింది అమ్మనా, నువ్వా?" అని అడిగింది.

మోతీలాల్ గోరీ వైపు చూశాడు. "నేనే."

"గా ఒక్క మాట పొయ్యి కాడ చెప్తే అయిపోవు గద," అంది లచ్చి. "నీకే దాని మీద మనసు లేదేమో అనుకున్న. ఇన్నొద్దులు నేను ఒక్కదాన్నే ఏడ్చిన."

లచ్చి సూది మీద వేళ్లు పెట్టి, లాగకుండా ఆగింది.

"ఇంక ఏమన్న ఉన్నదా లోపల? సూది తీయకముందే చెప్పు."

మోతీలాల్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఎండుచేపలు నాకు పడవు."

"ఇంక?"

"మొదటి రొట్టె నాకు పెట్టు."

"అది మాత్రం గోరీదే," అని లచ్చి సూది లాగేసింది.